ఎత్తర గంప - ఎవరి గంప?
కరువు, తుఫాను చరిత్రలో మాల మాదిగల లెక్క

'ఉత్తర చూసి ఎత్తర గంప' అని మన దగ్గరో సామెత. సెప్టెంబరు నడుమ వచ్చే ఉత్తర కార్తెలో కూడా వాన లేకపోతే ఆ ఏడు పంట మీద ఆశ వదులుకొని, గంప నెత్తికెత్తుకొని ఊరు విడవాల్సిందేనని దాని అర్థం. దీన్ని 'తెలుగు రైతు వాతావరణ జ్ఞానం' అని చెప్పి మురిసిపోయేవాళ్లు చాలామంది. మురవడానికి ముందు ఒక్క మాట అడగాలి. ఆ గంప ఎవరిది? గరిసెలో రెండేళ్లకు సరిపడా జొన్నలున్న పటేలు ఉత్తర కార్తెలో గంప ఎత్తలేదు. భూమి ఉన్నవాడు ఆకాశం చూసి దిగులు పడ్డాడు, ధర చూసి గింజలు దాచుకున్నాడు. గంప ఎత్తినోళ్లు ఊరవతల ఉన్నవాళ్లు. సామెత మాత్రం 'రైతు' పేరు మీద చెలామణి అయ్యింది.

వాన రాకపోతే, ఎక్కువైతే, గాలి తిరగబడితే రైతులు దాన్నెట్లా అర్థం చేసుకుంటారు, ఎట్లా తట్టుకుంటారు అనే మీద ఈ మధ్య పరిశోధనలు బాగా పెరిగాయి. వాతావరణం మారుతోంది కాబట్టి పెరగాల్సిందే. అయితే వాటిల్లో చాలావాటికి 'రైతు' అంటే పట్టాదారు పుస్తకం ఉన్న మనిషి. ప్రశ్నలు అతన్నే అడుగుతారు, జవాబులు అతనివే. కాలికింద భూమి లేనివాడికి, ఉన్నా చెలక ముక్క, రాళ్ల గుట్ట, చెరువు శిఖం తప్ప దక్కనివాడికి కరువు వేరే దారిన వస్తుంది, వేరే రోజున వస్తుంది. ఈ తేడా ఇవాళ పుట్టింది గాదు. దీనికి కనీసం రెండొందల ఏళ్ల రాతపూర్వక సాక్ష్యం ఉంది.

మన జనం కరువుల్ని ఏళ్ల పేర్లతో గుర్తుపెట్టుకున్నారు. 1832-33లో గుంటూరు సీమను ఊడ్చేసింది నందన కరువు. ఆ జిల్లా జనాభా అప్పుడు దాదాపు ఐదు లక్షలైతే అందులో మూడోవంతు దాకా పోయారని ఆనాటి లెక్కలు. 1876లో మొదలై 1878 దాకా సాగింది ధాత కరువు. మద్రాసు రాజధానిలో బళ్లారి, కర్నూలు, కడప, నెల్లూరు జిల్లాల్ని అది తినేసింది. కర్నూలు జిల్లాలో 1871 జనాభా లెక్కల్లో 9 లక్షల పైచిలుకు మనుషులుంటే 1881 నాటికి 6.8 లక్షల దగ్గరికి పడిపోయారు. నాలుగోవంతు జనం లేరు. మొత్తం దక్షిణాదిలో చచ్చినవాళ్లు యాభై లక్షల పైనే అని అంచనాలున్నాయి. అవే ఏళ్లలో ఈ దేశం నుంచి ఇంగ్లండుకు గోధుమలు రికార్డు స్థాయిలో ఓడలెక్కాయి.

ఆ చచ్చినవాళ్లు ఎవరనేది సర్కారు కాగితాలు దాచలేదు. వ్యవసాయ కూలీలు, మాలలు, మాదిగలు, నేతపనివాళ్లు, చేతివృత్తుల వాళ్లు. దాచలేదు గాని ఎందుకని మాత్రం అడగలేదు. కారణం వెతకడానికి పెద్ద సిద్ధాంతాలక్కర్లేదు. వాన పడకపోతే పట్టాదారు పంట పోయేది కోతల నాటికి. కూలి పోయేది విత్తే నాటికే. దుక్కి లేదు, విత్తడం లేదు, కలుపు లేదు. పంట ఎండిందని రెవెన్యూవాడు రాసుకునేసరికి కూలివాడికి మూడు నెలలుగా పని లేదు. అప్పటికే ధర పెరిగింది. గింజల రూపంలో కూలి ఇచ్చే ఆసామి గింజ విలువ పెరిగేసరికి పైసలిస్తానంటాడు, అసలు పనే లేదంటాడు. ఏడాది జీతానికి కుదిరిన పాలేర్లను తిండి దండగని పంపేస్తాడు. ఇంకా పంట ఎండకముందే, ఊళ్లో ఎవరూ కరువన్న మాట ఎత్తకముందే మాలపల్లెలో పొయ్యి ఆరిపోతుంది. కాబట్టి కరువు జాడ ముందుగా పసిగట్టింది పల్లె జనమే. ఆకాశాన్ని చూసి గాదు, ఆసామి గుమ్మం చూసి.

1877 జనవరిలో సర్ రిచర్డ్ టెంపుల్ అనే దొరను కలకత్తా ప్రభుత్వం మద్రాసుకు పంపింది. ఖర్చు తగ్గించడం అతని పని. కరువు పనుల్లో మట్టి మోసే మగమనిషికి రోజుకి ఒక పౌను గింజలు, పైన కాస్త చిల్లర చాలని తేల్చాడు. పౌను అంటే అరకిలో కన్నా తక్కువ. అది కూడా ఇంటి దగ్గర కాదు, పది మైళ్ల దూరం పోయి పని చేస్తేనే నిజంగా ఆకలైనవాడని నమ్మకం. మద్రాసు ఆరోగ్యశాఖ అధికారి డాక్టర్ కార్నిష్ ఈ తిండితో మనిషి పని చేయలేడు, బతకలేడు అని వాదించాడు. కొన్ని నెలలకు గాని మద్రాసు ప్రభుత్వం కూలి పెంచలేదు. అప్పటికి ఎన్ని ప్రాణాలు పోయాయో ఊహించుకోవచ్చు. ఆకలి నిజమా అబద్ధమా అని పరీక్ష పెట్టిన ఈ బుద్ధి తర్వాతి సహాయ పథకాలన్నింటికీ తాతలాంటిది.

దాని తర్వాత జరిగింది ఇంకా ఆలోచించదగ్గది. 1880లో కరువు కమిషన్ నివేదిక వచ్చింది, 1883లో కరువు నిబంధనావళి తయారైంది. కరువు వస్తున్నదని అధికారులు ముందే ఎట్లా గుర్తుపట్టాలి అని అందులో గుర్తులు రాశారు. ధరలు పెరగడం, అప్పు పుట్టకపోవడం, చిల్లర దొంగతనాలు, గమ్యం లేకుండా జనం తిరుగుతుండడం. ఈ చివరిది చూడండి. గమ్యం లేకుండా తిరగడమట! ఏ కాలవ పని నడుస్తోందో, ఏ రేవులో ఓడ ఎక్కించుకుంటున్నారో, ఏ ఊళ్లో ఇంకా పచ్చగడ్డి ఉందో తెలుసుకొని పోతున్నవాళ్లని గమ్యం లేనివాళ్లన్నారు. ఉత్తర చూసి ఎత్తిన గంపే సర్కారుకి కరువు గుర్తు. అంటే గంప మోసినవాళ్ల నడక మీద ఆధారపడి ప్రభుత్వం తన వాతావరణ జ్ఞానాన్ని కట్టుకుంది. జ్ఞానం దాని ఖాతాలో పడింది, తిరుగుబోతుతనం మన ఖాతాలో పడింది.

ఆ గంపలు చాలా దూరం పోయాయి. 1830ల నుంచి మారిషస్‌కి, ఆ తర్వాత బర్మాకి, మలయాకి. 1860లో మద్రాసు నుంచి నటాల్‌కి బయల్దేరిన మొదటి ఓడ 'ట్రూరో'లో తెలుగువాళ్లూ ఉన్నారు. అందరూ దళితులేమీ కాదు. అన్ని బీద కులాలూ ఉన్నాయి. కాని వలసని ధైర్యసాహసాల కథగా రాసేవాళ్లు ఒక సంగతి మరిచిపోతున్నారు. కింద భూమి ఉన్నవాడు సముద్రం దాటక ముందు పది సార్లు ఆలోచిస్తాడు.

ఇక ఊళ్లో మిగిలినవాళ్ల జ్ఞానం సంగతి. తెలంగాణ చెరువుల గురించి చెప్పేటప్పుడు కాకతీయుల పేరు రాకుండా ఉండదు. రామప్ప, పాకాల, లక్నవరం తవ్వించిన రాజులు, సామంతుల పేర్లు పిల్లలకి బట్టీ పట్టిస్తారు. ఆ చెరువుల్ని ఏడెనిమిది వందల ఏళ్లు బతికించిన మనిషి పేరు మాత్రం ఏ శాసనంలోనూ ఉండదు. అతను నీరటికాడు. కొన్నిచోట్ల నీరడి అంటారు, రాయలసీమలో నీరుగంటి అనీ అంటారు. చాలా ఊళ్లలో ఈ పని మాల మాదిగలదే. తూము ఎప్పుడు లేపాలి, ఎంత లేపాలి, ఏ మడికి ఎంతసేపు నీళ్లు వదలాలి, నీళ్లు తక్కువైన ఏడు ఆయకట్టులో ఎంత భాగం నాటొచ్చు, ఇవన్నీ అతని చేతి లెక్క. ముసురు పట్టిన రాత్రి ఊరంతా పడుకుంటే కట్ట మీద కందిలి పట్టుకొని తిరిగేది అతను. కట్టలో ఎక్కడ చెమ్మ ఊరుతోంది, ఎక్కడ బుంగ పడేట్టుంది, మత్తడి ఎన్ని గంటలకు దుంకుతుంది, ఇది కాళ్లతో, చేతులతో తెలుసుకునే విద్య. బుంగను రాత్రికి రాత్రి పూడ్చకపోతే తెల్లారేసరికి గండి. గండి పడితే కిందున్న పొలాలు ఇసుక మేట.

దీనికి అతనికి దక్కేది కల్లం దగ్గర కొలిచే మేర. కొన్నిచోట్ల చిన్న మాన్యం. మేర పంట మీద ఆధారం కాబట్టి చెరువు ఎండిన ఏడు అతనికి ఏమీ లేదు. నిండు చెరువుకి కావలి కాసినా, ఎండిన చెరువుకి కావలి కాసినా పని ఒకటే. ఆయకట్టులో ఎకరం లేనివాడు ఆయకట్టు మొత్తానికి ప్రమాదం కాశాడు. దీన్ని నిజాం కాలంలో వెట్టి అన్నారు, సేవ అన్నారు, కులవృత్తి అన్నారు. ఇంజనీరింగ్ అని ఎవరూ అనలేదు. తూము దగ్గర నీళ్లను ముట్టుకొని ఊరందరి మడులకి పంచినవాడు ఊరబావి చేద ముట్టుకోకూడదు. ఈ వైరుధ్యాన్ని పట్టుకోకుండా 'సంప్రదాయ నీటి యాజమాన్యం' అని రాసేవన్నీ సగం చరిత్రలే.

చెరువు ఎండితే అతనికీ, అతని వాడకీ ఒక్కటే దారి కనిపించేది. శిఖం. నీళ్లు వెనక్కి పోయినకొద్దీ బయటపడే చెరువు కడుపులో తడి ఆరకముందే ఏ ఉలవలో, జొన్నలో చల్లుకోవడం. మంచి తెలివి. కాని శిఖానికి పట్టా ఉండదు. వాన వస్తే పంట మునుగుతుంది, రాకపోతే పటేలు అడ్డం వస్తాడు.

కోస్తాలో కథ వేరుగా నడిచింది. 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట, 1855 నాటికి బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాయి. డెల్టా రైతుకి కరువు భయం చాలావరకు పోయింది. కాటన్ దొర విగ్రహాలు ఊరూరా ఉన్నాయి. కాదనం. అయితే భూమికి భద్రత వచ్చింది, భూమి ధర పెరిగింది, ఆ భూమి మాల మాదిగలకు మరింత అందకుండా పోయింది. వాళ్లకి మిగిలింది కాలవ గట్టు, డ్రెయిన్ పక్క పల్లం. అక్కడ కరువు బదులు తుఫాను వచ్చి తలుపు తట్టింది.

1977 నవంబరు 19న దివిసీమని ఉప్పెన ముంచింది. ఐదు మీటర్ల ఎత్తున సముద్రం లేచి మైళ్ల లోపలికి వచ్చింది. సర్కారు లెక్కే పదివేల మంది. చచ్చినవాళ్లలో మత్స్యకారులు, దళితులు, యానాదులు, వరి కోతలకని ఎక్కడెక్కడి నుంచో వచ్చిన కూలీలు ఎక్కువ. వలస కూలీల లెక్క సరిగా తేలనే లేదు. వాళ్ల పేరు ఆ ఊరి ఓటర్ల జాబితాలోనూ ఉండదు, రేషన్ కార్డులోనూ ఉండదు. నవంబరు కోతల నెల. ఆ నెలలో మబ్బు పడితే ఆసామి భయం కోసిన పనల మీద. తడవకముందే కుప్ప వేయాలి. కుప్ప వేసే చేతులు కూలీలవి. ఆసామికి ప్రమాదం ముంచుకొచ్చే గంటే కూలికి పని దొరికే గంట. గాలి పెరుగుతుంటే పొలంలోకి నడిచే మనిషి తుఫానుని 'గుర్తించలేదు' అని నివేదికలో రాస్తే ఎట్లా? గుర్తించాడు. పోకపోతే రేపు పిలవరు, అదీ గుర్తించాడు.

రేడియో డాబా ఇంట్లో ఉంది. డాబా ఎక్కితే బతుకుతారు. పూరిపాకకి పైకప్పే నిలవదు. 1977 తర్వాత తుఫాను షెల్టర్లు కట్టారు, హెచ్చరికలు మెరుగుపడ్డాయి. 1990 మే తుఫానులో ఆరు లక్షల మందికి పైగా ముందే తరలించారు, చావులు వెయ్యి లోపుకి తగ్గాయి. ఇది చిన్న విషయం కాదు. జనం మూఢనమ్మకాల వల్ల కదలరనే మాట కూడా దీంతో తేలిపోయింది. పోవడానికి చోటు, ఎక్కడానికి బండి ఉంటే జనం కదిలారు.

ఇక మెట్టకి వద్దాం. జహీరాబాదు ప్రాంతం, ఒకప్పటి మెదక్ జిల్లా, ఇప్పుడు సంగారెడ్డి. ఎర్ర గరప నేలలు, చాలాచోట్ల వేలు లోతు మట్టి. దళితులకు భూమి పంచామని సర్కారు చెప్పుకునే భూముల్లో చాలావరకు ఇట్లాంటివే. లావుణి పట్టా చేతికొస్తుంది, నాగలి దిగదు. 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ చుట్టూ ఇక్కడ ఊరూరా ఆడవాళ్ల సంఘాలు ఏర్పడ్డాయి. సభ్యులు చాలామంది దళిత స్త్రీలే. వాళ్ల చేను ఎప్పుడైనా చూడండి. ఒక్క ఎకరంలో జొన్న, సజ్జ, కొర్ర, సామ, తైదలు, కంది, అనుము, బొబ్బర, పుంటికూర, నువ్వులు. తొలకరి బాగుండి నడుమ ఎండితే కొర్ర చేతికొస్తుంది. ముందు ఎండి వెనక వాన వస్తే కంది నిలబడుతుంది. అన్నీ పోయే ఏడు చాలా అరుదు. అన్నీ పండే ఏడూ అరుదే. యాసంగిలో మంచు తడికి, నేల చెమ్మకి పండే కుసుమ, అవిసె, సెనగ, తెల్లజొన్నల్ని వాళ్లు 'సత్యం పంటలు' అంటారు. నీళ్లు అడగవు, ఎరువు అడగవు, మాట తప్పవు అని.

విత్తనం ఇంట్లోనే. వేపాకు, బూడిద కలిపి, మట్టి, పేడ అలికిన గంపలో. అవును, ఇక్కడా గంపే. వలసపోయేవాళ్ల నెత్తిన ఉన్న గంప ఇక్కడ విత్తనానికి ఇల్లయింది. ఆసామి దగ్గర విత్తనం అప్పు తెచ్చుకునే అవసరం పోవడమంటే వాన పడ్డ మర్నాడే విత్తుకోగలగడం. మెట్ట సేద్యంలో ఆ ఒక్క రోజు తేడాకి ఎంత విలువో రైతు కూలీలందరికీ తెలుసు. 1990ల నడుమ ఈ సంఘాలు బీడుపడ్డ చెలకల్ని మళ్లీ దున్నించి, పండిన జొన్నలో కొంత ఊళ్లోనే నిల్వ పెట్టి, పేదింటి వాళ్లకి తక్కువ ధరకి అమ్మాయి. ఎవరు పేద అనేది ఊరి ఆడవాళ్లే కూర్చొని తేల్చారు. టెంపుల్ దొర పది మైళ్ల పరీక్షకీ దీనికీ ఎంత దూరం!

అయితే ఒక హెచ్చరిక. ఇప్పుడు చిరుధాన్యాలకి గిరాకీ వచ్చింది. ఐక్యరాజ్యసమితి 2023ని చిరుధాన్యాల సంవత్సరమంది. నగరాల్లో కొర్రలు సన్నబియ్యం కన్నా ప్రియం. దళిత స్త్రీల జ్ఞానాన్ని పొగిడే వ్యాసాలు కూడా పెరిగాయి. పొగడ్త మంచిదే గాని, వాళ్లు పది పంటలు కలిపి వేసింది సంప్రదాయం మీద మోజుతో అని రాస్తే మోసం. ఒక్క పంట పోతే తట్టుకునే వెనకబలం లేక వేశారు. గరప నేల తప్ప దక్కక వేశారు. నల్లరేగడి, నీటి వసతి ఇచ్చి చూడమనండి, ఏం పండిస్తారో వాళ్లు నిర్ణయించుకుంటారు. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చినప్పుడు మన పల్లెలు సంతోషించాయి. జొన్న రొట్టె పోయిందని పర్యావరణవాదులు బాధపడొచ్చు. ఉత్తర కార్తెలో వాన లేకపోయినా ఇంట్లో గింజ ఉంటుందనే ధీమా ఆ కార్డు ఇచ్చింది. రెండు మాటలూ నిజమే.

భూమి లేని దళిత రైతు ఇంకో దారి కూడా పట్టాడు. కౌలు. 1990లలో వరంగల్ జిల్లాలో పత్తి కౌలుకి చేసినవాళ్లు, 1997-98లో అకాల వానలకి, పురుగుకి పంట పోయి పురుగుల మందు తాగినవాళ్లు మనకి గుర్తే. అనంతపురంలో కొర్ర, సజ్జ పోయి వేరుశనగ ఒక్కటే మిగిలిన చోట కూడా వాన ఆలస్యమైతే మొత్తం పోయింది. పాలమూరు నుంచి గుంపు మేస్త్రీ వెంట అడ్వాన్సు తీసుకొని పోయిన లేబరు దేశంలో ఎన్ని ప్రాజెక్టులు కట్టారో లెక్క లేదు. వాళ్ల ఊరికి మాత్రం నీళ్లు రావడానికి దశాబ్దాలు పట్టింది. 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకాన్ని అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే మొదలుపెట్టారు. ఏడాదికి వంద రోజుల పని చట్టపరమైన హక్కన్నారు, దళితుల భూముల్లో రాళ్లు ఏరడం, గట్లు వేయడం దాని కిందకి తెచ్చారు. ధాత కరువులో మట్టి మోసినవాళ్ల మునిమనవలకి అదే సీమలో పని హక్కుగా అడిగే చట్టం రావడానికి నూట ముప్పై ఏళ్లు.

ఇప్పుడు పంట నష్టం సంగతి. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో దళితుల చేతుల్లో ఉన్నవి సుమారు 12 శాతం కమతాలు, విస్తీర్ణంలో 9 శాతం లోపే. జనాభాలో వాళ్లు 2011 లెక్కల్లో 16.6 శాతం. నష్టపరిహారం, బీమా, పెట్టుబడి సాయం అన్నీ భూమి కాగితం వెంట నడిస్తే ఈ జనం ఎక్కడ నిలబడతారు? 2018లో తెలంగాణ రైతుబంధు ఎకరానికి ఇంతని పట్టాదారుకిచ్చింది, కౌలుదారుకివ్వలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2011 చట్టం కౌలుదారుని యజమాని సంతకం లేకుండా గుర్తించే వీలు కల్పించింది. 2019 చట్టం పదకొండు నెలల కార్డుకి యజమానితో ఒప్పందం కావాలంది. ఎనిమిదేళ్లలో మనం వెనక్కి నడిచాం. మాలవాడ మనిషికి పొలం కౌలుకిచ్చి, పైగా కాగితం మీద సంతకం పెట్టే ఆసామి ఎంతమంది ఉంటారో ఈ పత్రిక పాఠకులకి చెప్పక్కర్లేదు. వడగళ్లు పడిన రోజు పంట పోయిన కౌలుదారుకి పరిహారం యజమాని ఖాతాలో పడుతుంది. ఆ పొలంలో కోత దక్కని కూలివాళ్లకి పోయిన కూలి రోజులు ఏ గళ్లోనూ ఎక్కవు.

పరిశోధక విద్యార్థులకి ఇక్కడ చేయాల్సిన పని చాలా ఉంది. నీరటికాళ్లుగా చేసిన ముసలివాళ్లు ఇంకా కొన్ని ఊళ్లలో ఉన్నారు. ఏ ఏడు ఏ చెరువు ఎంత దాకా నిండింది, ఎవరి మడికి ముందు నీళ్లు వదలమని ఒత్తిడి వచ్చింది, గండి పడిన రాత్రి ఎవరెవరు మట్టి మోశారు, ఆ ఏడు మేర ఎంత కొలిచారు అని వాళ్లని కూర్చోబెట్టి రాసుకోవాలి. జిల్లా మాన్యువల్సు, కరువు నివేదికలు పురాతత్వ శాఖ బీరువాల్లో ఎక్కడికీ పోవు. వీళ్లు మాత్రం పోతారు.